మిషన్ ముందా, గ్రైండర్ ముందా? ఇంట్లో మంచి కాఫీ మీద చర్చ

#1 నిద్రలేమి
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇన్‌స్టంట్ పొడితో సరిపెట్టుకున్నాను. ఈమధ్య గింజలు తెచ్చి, మిక్సీలో పొడి కొట్టి, ఫ్రెంచ్ ప్రెస్‌లో (పొడి వేడినీళ్లలో నానబెట్టి, ప్లంజర్ అనే జల్లెడ మూతతో వడగట్టే కూజా) కాఫీ పెట్టుకుంటున్నాను. వాసన బ్రహ్మాండంగా వస్తోంది. తాగితే మాత్రం ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగులుతున్నాయి. పైగా కప్పు అడుగున బురద. 15 బార్ల ఒత్తిడితో పొడిలోంచి వేడినీళ్లు తోసి చిక్కటి కాఫీ దించే ఎస్ప్రెసో మిషన్ ఒకటి చూసి పెట్టుకున్నాను. అది కొంటే ఈ గొడవ వదులుతుందా? పొద్దున నల్ల కాఫీ, సాయంత్రం పాలతో తాగుతాను. గింజలు ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పండి. ప్యాకెట్ మీద వాష్డ్, నేచురల్, మీడియం రోస్ట్ అని ఏవేవో రాస్తారు, ఒక్కటీ అర్థం కాదు.

#2 తూకంరాయి
మిషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక మంచి బర్ గ్రైండర్ కొనండి, డబ్బు మిగిలితే చిన్న డిజిటల్ తూకం.

ఒకే గుక్కలో పులుపూ చేదూ అంటున్నారు చూడండి, అది దాదాపుగా మిక్సీ పనే. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. కొంత పిండి, కొంత రవ్వ, కొన్ని సగం పగిలిన పలుకులు, అన్నీ కలిసి వస్తాయి. పిండిలోంచి సారం క్షణాల్లో దిగిపోయి చేదు దాకా వెళ్లిపోతుంది. పలుకుల నడిమికి నీళ్లు చేరేసరికి టైమ్ అయిపోతుంది, వాటిలోంచి వచ్చేది పులుపే. పెద్ద దుంప ముక్కలూ సన్న తురుమూ ఒకే గిన్నెలో వేసి ఉడకబెడితే ఏమవుతుందో ఇక్కడా అదే. మీ అడుగు బురద కూడా ఆ పిండే.

బర్ గ్రైండర్‌లో రెండు పళ్ల చక్రాలుంటాయి. వాటి మధ్య సందు ఎంత పెడితే దాదాపు ఆ సైజుకే పొడి వస్తుంది. ఒకరిద్దరికైతే చేత్తో తిప్పేది చాలు. అదే ధరకు దొరికే కరెంటు గ్రైండర్ కంటే చేతి గ్రైండర్‌లో బర్లు మెరుగ్గా ఉంటాయి, మోటారు ఖర్చు ఉండదు కాబట్టి.

#3 పాలమీగడ
తూకంరాయి గారు వచ్చేశారు, ఇక ఊరందరూ తూకాలు కొనాల్సిందే :) నాకైతే గ్రాముల లెక్క చూస్తేనే కాఫీ తాగాలన్న ఆశ పోతుంది. స్పూన్‌తో వేసుకుంటే తప్పేముంది?

#4 తూకంరాయి
తప్పేం లేదండీ. కాకపోతే నిన్న కుదిరిన రుచి ఇవాళ కుదరదు, ఎందుకు కుదరలేదో తెలియదు కూడా. లైట్ రోస్ట్, అంటే తక్కువ వేయించిన గింజ, గట్టిగా, బరువుగా ఉంటుంది. డార్క్ రోస్ట్ బాగా వేగి ఉబ్బి తేలికైపోతుంది. ఒకే స్పూన్‌లో ఆ రెండూ ఒకే బరువు తూగవు.

లెక్క కూడా పెద్దదేం కాదు. లీటరు నీళ్లకు 60 గ్రాముల పొడి. ఒక కప్పుకైతే 15 గ్రాములు, 250 మిల్లీలీటర్లు. అక్కణ్నుంచి మీ నోటికి తగ్గట్టు పెంచుకోవడం, తగ్గించుకోవడం.

వేయించిన గింజ బరువులో నీళ్లలో కరగగలిగేది సుమారు 30 శాతం. అదంతా పిండేస్తే కాఫీ బాగుంటుందా అంటే, ఉండదు. 1950ల్లో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వేసిన చార్ట్ ప్రకారం 18 నుంచి 22 శాతం దిగితే చాలామందికి నచ్చుతుంది. పులుపు ముందు దిగుతుంది, తీపి తర్వాత, చేదూ వగరూ చివర్లో. ఎక్కడ ఆపాలన్నదే కాఫీ పెట్టడంలో ఉన్న విద్యంతా.

#5 వేయింపు
గింజల సంగతి నేను చెప్తాను, ఇంట్లోనే వేయించుకునే పిచ్చి ఉంది కాబట్టి.

ప్యాకెట్ తిప్పి మొదట చూడాల్సింది రోస్ట్ చేసిన తేదీ. ఎప్పటిలోపు వాడాలో రాసి, ఎప్పుడు వేయించారో రాయని ప్యాకెట్‌ను అక్కడే వదిలేయండి. వేగేటప్పుడు గింజ లోపల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. మంచి ప్యాకెట్ల మీద చిన్న గుండ్రటి వాల్వ్ ఉంటుంది కదా, అది ఇందుకే. లోపలి గ్యాస్ పోవాలి, బయటి గాలి రాకూడదు. మరీ నిన్నో మొన్నో వేయించిన గింజైతే ఆ గ్యాస్ నీళ్లను దగ్గరికి రానివ్వదు, కాఫీ పలచగా, పుల్లగా వస్తుంది. నేనైతే ఒక వారం ఆగి ప్యాకెట్ విప్పుతాను, నెలన్నర లోపు ముగిస్తాను. పొడి చేశాక మాత్రం వాసన చూస్తుండగానే పడిపోతుంది. అందుకే గింజలుగా కొని అప్పటికప్పుడు పట్టుకోమని అందరూ మొత్తుకునేది.

వాష్డ్ అంటే పండు గుజ్జు తీసేసి, కడిగి ఎండబెట్టిన గింజ. రుచి తేటగా ఉంటుంది, పులుపు స్పష్టంగా తెలుస్తుంది. నేచురల్ అంటే పండును పండుగానే ఎండబెట్టి తర్వాత పొట్టు తీసింది. తియ్యటి, కాస్త పులిసిన పండు వాసన వస్తుంది. యెమెన్‌లో, ఇథియోపియాలో తరతరాల పద్ధతి అదే. హనీ అని కూడా ఉంటుంది. అందులో తేనె ఏమీ ఉండదు, తొక్క తీసి జిగురు కొంత ఉంచి ఎండబెడతారు. రుచి ఆ రెంటికీ మధ్యలో.

కాఫీ గింజల్లో ముఖ్యంగా రెండు జాతులు, అరబికా, రోబస్టా. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2.2 శాతం దాకా ఉంటుంది. రోబస్టా చేదు ఎక్కువ, కానీ పాలల్లో నిలబడుతుంది, నురగ కూడా బాగా ఇస్తుంది. '100 శాతం అరబికా' అన్న ముద్ర చూసి మురిసిపోకండి, నాసిరకం అరబికా కూడా 100 శాతం అరబికానే. మీకు పొద్దుటికి వాష్డ్, మీడియం రోస్ట్ (మధ్యస్థంగా వేయించిన) అరబికా, సాయంత్రం పాలలోకి కొంచెం రోబస్టా కలిసిన మీడియం డార్క్. రెండు చిన్న ప్యాకెట్లు కొనుక్కోండి, ఒక పెద్దది వద్దు.

నూనె పైకి తేలి నిగనిగలాడే నల్ల గింజలు చూడ్డానికి బాగుంటాయి. ఆ నూనె తొందరగా పాడవుతుంది, గ్రైండర్ బర్లకు అంటుకుపోతుంది. నేను వాటి జోలికి పోను.

#6 చేదుమాత్ర
ప్యాకెట్ మీద 'మల్లె, నిమ్మ, బెర్రీ' అని రాస్తారే, ఆ పైత్యం గురించి కూడా సెలవియ్యండి. ఏది తాగినా నాకు కాఫీ రుచే వస్తోంది.

#7 వేయింపు
అవి కలిపిన ఫ్లేవర్లు కావన్నా. రుచి చూసినవాళ్లకు ఏది గుర్తొచ్చిందో అది రాస్తారు. కొంత అతి ఉన్న మాట నిజమే. ఒక పని చెయ్యండి. వాష్డ్ ఇథియోపియా ఒకటి, బ్రెజిల్ నేచురల్ ఒకటి, రెండూ ఒకే కొలతతో పక్కపక్కన పెట్టుకుని కాసేపు చల్లారాక తాగండి. పొగలు కక్కుతున్నప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. గోరువెచ్చగా అయ్యాక ఒకటి టీ వైపు, ఒకటి చాక్లెట్ వైపు పోతుంది. మల్లె కనపడకపోయినా తేడా కనపడుతుంది.

#8 నిద్రలేమి
ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ అండీ. ఒక్క అనుమానం. 15 బార్లు అంటే ఎక్కువ ప్రెషర్, అంటే మంచి ఎస్ప్రెసో కదా? కొందరు 20 బార్లు అని కూడా అమ్ముతున్నారు.

#9 నల్లనురగ
ఎస్ప్రెసో మిషన్ ఇంట్లో వాడుతున్నవాణ్ని కాబట్టి నేను చెప్తాను. ఆ అంకె పంపు గరిష్ఠంగా ఎంత తొయ్యగలదో చెప్తుంది, అంతే. పొడి మీద పడాల్సింది 9 బార్ల దరిదాపుల్లోనే. 15 అయినా 20 అయినా బాక్సు మీద మెరవడానికే.

చవక మిషన్లలో చాలావాటికి ప్రెషరైజ్డ్ బాస్కెట్ (పొడి వేసే చిన్న గిన్నె) ఇస్తారు. పైన మామూలు జల్లెడలాగే ఉంటుంది, తిప్పి చూస్తే అడుగున ఒకే ఒక్క సన్న రంధ్రం. పొడి ఎలా ఉన్నా ఆ రంధ్రంలోంచి చిమ్మి నురగ తెప్పిస్తుంది. చూడ్డానికి క్రీమా (మంచి ఎస్ప్రెసో మీద తేలే గోధుమ రంగు నురగ), తాగితే ఏమీ ఉండదు. మామూలు బాస్కెట్ పెట్టారా, అప్పుడు గ్రైండర్ నాణ్యత బయటపడుతుంది. 18 గ్రాముల పొడి వేస్తే 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. గ్రైండర్ ఒక్క గీత అటు తిప్పితే 15 సెకన్లకే పారిపోతుంది, ఇటు తిప్పితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. గింజలు మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి, అందులో కొంత పొడి చెత్తబుట్టకే.

అలాగని వద్దనను. సరిగ్గా కుదిరిన షాట్‌కు సాటి వచ్చేది ఇంకోటి లేదు. కానీ మిషన్‌కు పెట్టినంత గ్రైండర్‌కూ పెట్టగలిగిన రోజునే కొనండి.

#10 పాతకాపు
బాబూ, మిషన్ మీదికి మనసు పోతోందంటే చిక్కటి కాఫీ కావాలన్నమాట. మోకా పాట్ చూడండి. పొయ్యి మీద పెట్టేది, కింద నీళ్లు, మధ్యలో పొడి, ఆవిరి ఒత్తిడికి కాఫీ పై గిన్నెలోకి ఎక్కుతుంది. ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చిన సరుకు, ఆ ఎనిమిది పలకల ఆకారం ఇప్పటికీ అలాగే ఉంది. చాలా ఏళ్లుగా మా ఇంట్లో పొద్దున్నే బుసలు కొట్టేది అదే.

కింది గిన్నెలో కాగిన నీళ్లు పొయ్యండి, పక్కనున్న సేఫ్టీ వాల్వ్ కింది దాకానే. చల్లటి నీళ్లు పోస్తే అవి కాగేలోపు పొడి ఆ వేడికి మాడుతుంది. పొడి గిన్నె నిండా వేసి వేలితో చదును చెయ్యండి, నొక్కొద్దు. గుడ్డతో పట్టుకుని గట్టిగా బిగించండి. మూత తెరిచే ఉంచి సన్న మంట మీద పెట్టండి. కాసేపటికి ముదురు గోధుమ రంగు ధార నెమ్మదిగా పైకి వస్తుంది. చూస్తూ ఉండండి. ధార రంగు పలచబడి పసుపు పచ్చగా మారి, బుసబుసమని చిమ్మడం మొదలయ్యేలోపే దించెయ్యాలి. దించి అడుగు భాగాన్ని కుళాయి నీళ్ల కింద పెడితే టక్కున ఆగిపోతుంది. మోకా పాట్ కాఫీ చేదని తిట్టేవాళ్లలో ఎక్కువమంది ఆ చివరి బుసబుసలు కూడా కప్పులో పోసుకునేవాళ్లే.

ఇందులో ప్రెషర్ ఒకటి రెండు బార్లకు మించదు, కాబట్టి ఎస్ప్రెసో అనను. పాలలోకి మాత్రం దివ్యంగా ఉంటుంది.

#11 నిద్రలేమి
మాది ఇండక్షన్ పొయ్యి గురువు గారూ. పనిచేస్తుందా?

#12 పాతకాపు
అల్యూమినియందైతే వేడెక్కదు. ఇండక్షన్‌కు పనికొస్తుందని రాసి ఉన్న స్టీలుది చూసి తీసుకోండి. కొనేముందు అడుగున అయస్కాంతం అంటుకుంటుందేమో చూడండి.

#13 తూకంరాయి
అసలు మీ దగ్గర ఫ్రెంచ్ ప్రెస్ ఉందిగా, గ్రైండర్ వచ్చాక ముందు దాన్నే సరిగా వాడి చూడండి. కొత్తవాళ్లకు దానంత క్షమాగుణం ఉన్నది ఇంకోటి లేదు.

500 మిల్లీలీటర్ల నీళ్లకు 30 గ్రాములు. పొడి మరీ బరకగా వద్దు, మధ్యస్థం కంటే కొంచెం బరక. మరిగిన నీళ్లు అర నిమిషం ఆగి పొయ్యండి. పొడంతా పైకి తేలి మందపాటి పొరగా కట్టుకుంటుంది. 4 నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత స్పూన్‌తో ఆ పొరను మెల్లగా విరగ్గొట్టండి. పొడి చాలావరకు కిందికి దిగిపోతుంది. పైన మిగిలిన లేత రంగు నురగనూ తేలే తునకల్నీ రెండు స్పూన్లతో తీసి పారెయ్యండి. అసలు కిటుకు ఇక్కడుంది. ఇంకో 5 నిమిషాలు అలాగే వదిలెయ్యండి. సన్న పొడి కూడా అడుక్కి చేరుతుంది. ప్లంజర్‌ను కాఫీ పైభాగానికి తాకేదాకా మాత్రమే దించి, జల్లెడలాగా వాడుకుని వంచుకోండి. అడుగుదాకా నొక్కితే కూర్చున్న బురదంతా మళ్లీ లేస్తుంది. చివరి రెండు గుక్కలు ప్రెస్‌లోనే వదిలెయ్యండి.

#14 చేదుమాత్ర
దాదాపు పది నిమిషాలా? చల్లారిపోదూ? అంతసేపు నానితే చేదెక్కదూ?

#15 తూకంరాయి
నోరు కాలకుండా తాగే వేడికి వస్తుంది, అంతే. కావాలంటే ముందు ప్రెస్‌ను వేడినీళ్లతో తొలపండి. చేదు భయం కూడా అక్కర్లేదు. నానబెట్టే పద్ధతిలో నీళ్లు సారంతో నిండే కొద్దీ ఇంకా లాక్కునే జోరు తగ్గిపోతుంది. పొర దిగాక కదిలించకపోతే ఆ ఐదు నిమిషాల్లో పెద్దగా మారేది ఉండదు.

#16 కుళాయి
నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదేం? కప్పు కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లేనండీ.

రెండు సంగతులు చూడాలి. ఒకటి, కాల్షియం, మెగ్నీషియం. ఇవి కొంత ఉంటేనే గింజలోంచి రుచి బాగా దిగుతుంది. రెండు, బైకార్బనేట్. ఇది కాఫీ పులుపును చంపుతుంది. కొంచెం ఉంటే పులుపు మొరటుతనం పోతుంది, ఎక్కువైతే ఎంత మంచి గింజైనా సుద్ద ముక్క రుచి. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ ప్రమాణంలో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మంచిదని, 75 నుంచి 250 వరకు పరవాలేదని ఉంది.

కెటిల్ అడుగున తెల్లగా గార కడుతోందంటే మీ నీళ్లు హార్డ్ అని అర్థం. ఆర్ఓ ఫిల్టర్ నీళ్లు వాడితే దీనికి వ్యతిరేకం, మరీ ఖాళీ నీళ్లు, పులుపు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఆర్ఓ నీళ్లూ, తాగడానికి పనికొచ్చే మామూలు నీళ్లూ వేర్వేరు పాళ్లలో కలిపి, ఒకే గింజతో పెట్టి చూడండి. గింజలు మార్చినంత తేడా వస్తుంది.

ఎత్తు ప్రదేశాల్లో ఉండేవాళ్లకు ఇంకో మాట. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అక్కడ 'మరిగాక ఆగండి' అన్న సలహా పట్టించుకోనక్కర్లేదు, మరిగేవి మరిగినట్టే పోసుకోవచ్చు.

#17 సన్నధార
పేపర్ ఫిల్టర్ పార్టీ తరఫున నేనొచ్చాను. తేటగా, టీలాంటి కాఫీ కావాలంటే పోర్ ఓవర్‌కు, అంటే పేపర్ ఫిల్టర్‌లో పొడి వేసి పైనుంచి నీళ్లు పోసే పద్ధతికి, మించింది లేదు. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణి, కొడుకు నోట్‌బుక్‌లోని బ్లాటింగ్ పేపర్‌ను, చిల్లులు పెట్టిన ఇత్తడి గిన్నెలో వేసి మొదలుపెట్టింది ఇది. అప్పటిదాకా అందరూ బురదే తాగేవాళ్లు!

పేపర్‌ను ముందు వేడినీళ్లతో తడపండి, కాగితం వాసన పోతుంది. 15 గ్రాముల పొడి, మధ్యస్థంగా. మొదట 30 నుంచి 40 గ్రాముల నీళ్లు పోసి 40 సెకన్లు ఆగితే పొడి పొంగి బుడగలు వస్తుంది. ఆ గ్యాస్ పోయాక మిగతా నీళ్లు రెండు మూడు విడతలుగా గుండ్రంగా పొయ్యాలి. మొత్తం 250 గ్రాములు 3 నిమిషాల్లో దిగితే సరి.

#18 నల్లనురగ
ఆ పొంగించే తతంగం రెండు నెలల పాత గింజకు దండగ. అందులో పోవడానికి గ్యాస్ ఉండదు.

#19 సన్నధార
గ్యాస్ లేకపోయినా పొడంతా సమంగా తడవాలి కదండీ. పొడి ఉండల్లోకి నీళ్లు పోకుండా పక్కనుంచి జారిపోతే మళ్లీ ఒకే కప్పులో పులుపూ చేదూ. 40 సెకన్లకు ఏం పోతుంది?

#20 నిద్రలేమి
చేతి గ్రైండర్ వచ్చేసింది! సన్నధార గారి మాట విని డ్రిప్పర్ (పేపర్ ఫిల్టర్ పెట్టే గరాటు) కూడా తెచ్చాను. ఫ్రెంచ్ ప్రెస్‌లో మీడియం రోస్ట్ అద్భుతం, బురద లేదు. డ్రిప్పర్‌లో లైట్ రోస్ట్ మాత్రం పళ్లు జివ్వుమనేంత పుల్లగా ఉంది. నీళ్లు 2 నిమిషాల లోపే దిగిపోతున్నాయి. నీళ్లు 90 డిగ్రీలు. ఏం మార్చను?

#21 తూకంరాయి
ముందు గ్రైండర్ రెండు మూడు గీతలు సన్నగా తిప్పండి. అదొక్కటే. వేడి, కొలత, పోసే తీరు ఏదీ మార్చకండి. ఒకేసారి మూడు మారిస్తే బాగుపడినా దేనివల్లో తెలియదు.

సన్నగా పట్టాక 3 నిమిషాల దాకా వస్తుంది, పులుపు తగ్గుతుంది. ఇంకా ఉంటే అప్పుడు నీళ్ల వేడి పెంచండి. లైట్ రోస్ట్ గింజ గట్టిది, 96 పైన, మరిగే నీళ్లయినా తట్టుకుంటుంది. డార్క్ రోస్ట్ ఇప్పటికే బాగా వేగి గుల్లబారి ఉంటుంది కాబట్టి దానికి 85 నుంచి 90 చాలు. మీరిప్పుడు డార్క్ రోస్ట్ వేడితో లైట్ రోస్ట్ పెడుతున్నారు.

చేదు వస్తే ఇదంతా తిరగెయ్యండి, అంటే బరకగా పట్టడం, వేడి తగ్గించడం. నాలుక పిడచగట్టినట్టు వగరుగా ఉంటే మరీ సన్నగా పట్టారన్నమాట, నీళ్లు దారి దొరక్క ఒక మూలనుంచే పోతున్నాయి. పులుపూ లేదు, చేదూ లేదు, కానీ నీళ్ల కాఫీలా ఉందంటే గ్రైండర్ ముట్టుకోకుండా పొడి ఒక గ్రాము పెంచండి. బలం వేరు, సారం దిగడం వేరు. ఈ రెంటినీ కలిపేసుకుని 'చేదుగా ఉంది, కాబట్టి స్ట్రాంగ్' అనుకునేవాళ్లే ఎక్కువ.

#22 అర్ధరాత్రి
నాకు సాయంత్రం కాఫీ కావాలి, రాత్రి నిద్ర కూడా కావాలి. డీకాఫ్ (కెఫీన్ తీసేసిన) గింజల్లో తాగదగ్గవి ఉంటాయా? కెమికల్స్ అంటే టెన్షన్.

#23 వేయింపు
ఉంటాయి. ఒకప్పటి డీకాఫ్ కాదిది. ఇప్పుడు నీళ్లతో తీసే స్విస్ వాటర్ పద్ధతి ఉంది, ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో తీసేది ఉంది, ఇథైల్ అసిటేట్ అనే ద్రావణితో తీసేదీ ఉంది. ప్యాకెట్ మీద ఏ పద్ధతో రాసిన వాళ్ల దగ్గరే కొనండి. కెఫీన్ పూర్తిగా పోదు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం వేయించిన డీకాఫ్‌లో 0.1 శాతం మించకూడదు. డీకాఫ్ గింజ పచ్చిగా ఉన్నప్పుడే గోధుమ రంగులో ఉంటుంది, వేయించాక పెళుసుగా ఉంటుంది, తొందరగా పాతబడుతుంది. చిన్న ప్యాకెట్ కొనండి.

మామూలు కాఫీయే తాగాలంటే కొంచెం ముందు జరపండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి అంతకంటే చాలా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండుకు ఇంకా సగం అక్కడే కూర్చుని ఉంటుంది.

#24 సన్నధార
ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది ఎల్డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. పేపర్ ఫిల్టర్ దాన్ని చాలావరకు పట్టేస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్ జల్లెడ పట్టదు. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు రోజూ నాలుగైదు కప్పులు ప్రెస్ కాఫీ తాగేకంటే పేపర్‌కు మారడం మేలు. ఇది పార్టీ ప్రచారం కాదు, నిజమే :)

#25 పాలమీగడ
పాలవాళ్ల గోడు కూడా వినండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలను 60 నుంచి 65 డిగ్రీల దాకా వేడి చేస్తే తియ్యగా ఉంటాయి. 70 దాటితే మరిగిన పాల వాసన వచ్చి, కాఫీ రుచిని కప్పేస్తుంది. స్టీమర్ లేకపోతే ఖాళీ ఫ్రెంచ్ ప్రెస్‌లో వేడి పాలు మూడో వంతు పోసి ప్లంజర్‌ను గబగబా పైకీ కిందికీ ఆడించండి. సన్న నురగ వస్తుంది. గిన్నెను బల్లకు రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పి పొయ్యండి, పెద్ద బుడగలు పోతాయి.

#26 నిద్రలేమి
ఫ్రిజ్ అంటే గుర్తొచ్చింది, గింజలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఇంకోటి, గ్రైండర్‌లో పొడి గోడలకంతా అంటుకుంటోంది, పొట్టు ఎగిరి బల్లంతా పడుతోంది.

#27 వేయింపు
ఫ్రిజ్ వద్దు, తేమా వాసనలూ పట్టేస్తాయి. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని అల్మరాలో చాలు. నెలన్నరలో అవ్వవు అనుకుంటే డీప్ ఫ్రీజర్ మంచిదే. ఒక్కో వాడకానికి సరిపడా చిన్న పొట్లాలు కట్టి, గాలి తీసేసి పెట్టాలి. ఒక పెద్ద డబ్బా రోజూ బయటికి తీస్తూ లోపల పెడుతూ ఉంటే ప్రతిసారీ గింజల మీద తడి పడుతుంది. తీసిన పొట్లం కరగనివ్వకుండా గడ్డగానే పట్టేసుకోవచ్చు. చల్లటి గింజ ఇంకాస్త సన్నగా, సమంగా పొడి అవుతుందని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది కూడా.

పొడి అంటుకోవడం స్టాటిక్ కరెంటు వల్ల. స్పూన్ పిడిని నీళ్లలో ముంచి, దానికున్న చుక్కతో గింజల్ని ఒకసారి కలిపి అప్పుడు పట్టండి. 2023లో ఒరెగాన్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. గింజలో తేమ పెరిగితే స్టాటిక్ బాగా తగ్గుతోందని తేలింది.

#28 నల్లనురగ
ఒక్క చుక్కే! గింజలు కడిగినంత తడి చేస్తే బర్లు తుప్పు పడతాయి.

#29 చేదుమాత్ర
చుక్క పనిచేసింది, ఒప్పుకుంటున్నా. ఇథియోపియా, బ్రెజిల్ కూడా పక్కపక్కన పెట్టి తాగాను. మల్లె లేదు గానీ, రెండూ ఒకటి కాదు. మరి ఈ సామానంతా కడగడం ఎలా? మా మోకా పాట్‌ను సబ్బుతో కడగొద్దంటారు, నిజమేనా?

#30 పాతకాపు
పాత కాఫీ నూనె పొర ఉంటేనే రుచి అని ఒక నమ్మకం ఉంది, నాకు పట్టదు. ఆ నూనె కొన్నాళ్లకు కంపు కొడుతుంది, కొత్త కాఫీలోకి ఆ వాసనే దిగుతుంది. కొంచెం సబ్బు, మెత్తటి స్పాంజి, బాగా కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టండి. అల్యూమినియందాన్ని డిష్‌వాషర్‌లో మాత్రం వెయ్యొద్దు, నల్లబడుతుంది. లోపలి రబ్బరు రింగు గట్టిపడితే పక్కనుంచి ఆవిరి చిమ్ముతుంది, అప్పుడు రింగు మార్చాలి.

ఫ్రెంచ్ ప్రెస్ జల్లెడను అప్పుడప్పుడు మరలు విప్పి విడివిడిగా కడగండి, పొరల మధ్యనే మురికంతా. గ్రైండర్‌కు నీళ్లు తగలనివ్వకుండా బ్రష్‌తో దులపండి. కెటిల్‌కు గార కడితే లీటరు నీళ్లలో ఒక పెద్ద స్పూన్ సిట్రిక్ యాసిడ్ వేసి మరిగించి, అరగంట ఆగి పారబోసి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో తొలపండి.